మోడు ఎవరి కార్డు?

ఆ, హలో... వినబడుతుందా అందరికీ? సరే, కొండ మీదకి పోదాం రండి.

కాసులమ్మ పొద్దున్నే చక్కెరసూది పట్టుకుని పైన్ చెట్ల మొదళ్ళలో గుచ్చుకుంటూ పోతోంది. చెట్టు ఆకుల్లో ఎంత చక్కెర వండింది, వేర్లకి ఎంత పంపింది, అన్నీ సూది చెప్పేస్తుంది. ఆ చక్కెర తినే బూజుదారాలు వేర్లని అంటుకుని, దూరం నుంచి నీళ్ళూ భాస్వరమూ మోసుకొస్తాయి. ఊరికే తేవు, తిండి పెడితేనే. వానల్లేక చాన్నాళ్ళయింది. చెట్లన్నీ సూదాకుల నోళ్ళు మూసుకుని, దాచుకున్నదాంతో నెట్టుకొస్తున్నాయి.

చెట్లకైనా మనుషులకైనా నీళ్ళు పంచేది వాటామరే. ఒక ఇంటి కార్డులో పనిచేసేవాళ్ళ కంటే ఊరికే తినేవాళ్ళు ఎక్కువైతే, ముందు ముసలాళ్ళకి కోత. కాసులమ్మ కార్డులో పనిచేసేది తనొక్కతే. నడుం విరిగి మంచాన పడ్డ అత్త బుద్రి, పాలుతాగే పిల్ల, తినేవాళ్ళు ఇద్దరు. రేపట్నుంచి అత్తకి నీళ్ళు బంద్.

కాసులమ్మ పిడుగు పడ్డ మోడు దగ్గర ఆగింది. ఒక్క ఆకు లేదు. సూది గుచ్చితే మాత్రం లోపల తడి, చక్కెర! పక్క చెట్ల వేర్లు దీని వేర్లతో అతుక్కుపోయాయి. అవే పెడుతున్నాయి మరి.

చేతికున్న వాటామర అడిగింది: "పని లేని చెట్టు. ఎవరి కార్డు? ఎవరిదీ కాకపోతే వేర్లు తెంపు."

"ఎవల్దీ కాదని నొక్కీ. కోసీసి పోదాం," అన్నాడు రంపం మోసుకొచ్చిన అప్పలస్వామి.

ఆమె "మాదే" అని నొక్కింది.

"ఓలమ్మ! మతుండే సేసినావేటే? ఇంట్లో ఉన్న నోళ్ళు సాల్లేదా? రేపు నీ పిల్లకి కూడా ఆపీగల్రు!"

"దీనికి పెడతన్నోళ్ళు ఉన్నారు కదా మావా. ఆళ్ళని కూడా ఇంట్లోకి రానీ."

మర లెక్క పెట్టుకుంటూ వేర్లెంబడి పోయింది. మోడుకి పెట్టే చెట్లు కూడా ఆ ఇంటివేనని రాసుకుంది. అన్నీ చక్కెర వండేవే, అంటే పనిచేసేవే. వాటి బూజుదారాలు పట్టుకుని పక్క వరస, ఆపైన ఇంకో వరస... సాయంత్రానికి కొండంతా ఒక్క కార్డు. తినేవాళ్ళు కొందరు, వండేవాళ్ళు వేలు. కోత పడే పేరు ఒక్కటీ లేదు.

"ఇంటి పెద్ద ఎవరు?" అడిగింది మర.

కాసులమ్మ అత్త పేరు ఎక్కించింది.

అప్పలస్వామి రంపం కింద పెట్టేశాడు. "మరైతే, నన్ను కూడా ఎక్కించీయే అందులోకి."

అదండీ సంగతి. మీ గ్రూపుల్లో ఊరికే కూర్చుని తింటున్నాడని మాటలు పడేవాళ్ళు ఒకరైనా ఉంటారు కదా, ముందు వాళ్ళకి పంపండి ఈ కథ. తర్వాత మిగతావాళ్ళకి.