ఎనిమిది రివెట్ల బుల్లెట్

"మా అయ్య బండి ఎత్తుకుపోనారండీ," అన్నాడు దేముడు, కుర్చీ వీపు చేత్తో తడిమి చూసుకుని కూర్చుంటూ.

ప్రేమ్ బజార్‌లో స్టేషనరీ కొట్టు పైన మేడగదే ప్రైవేటు డిటెక్టివ్ ఆమని ఆఫీసు. పాత ఫొటోలో చక్రం అంచు కనిపిస్తే చాలు, అది ఏ బండో, ఏ కాలం నాటిదో చెప్పేస్తుందని ఖరగ్‌పూర్‌లో ఆమెకు పేరు. ఫొటో గురించి ఆమె ఎవరికీ అబద్ధం చెప్పలేదన్నది ఇంకో పేరు. ఈ రెండు పేర్లనూ ఊరంతా మోసింది మాత్రం ఆమె అసిస్టెంటు దావీదు. ఆయన రిటైరైన రైల్వే గార్డు. మేడమ్ తుమ్మినా డైరీలో రాసుకుంటాడు.

దేముడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఈ నెల ముప్పై ఒకటిన రిటైరవుతున్నాడు. చెయ్యి పట్టుకుని ఆయన్ని మెట్లెక్కించిన భార్య అప్పలకొండ పక్కనే తల వంచుకుని నిలబడింది.

"ఏం బండి?" అడిగింది ఆమని.

"బుల్లెట్టండి. మా అయ్య ఆకరి రోజున దాని మీదే వర్క్‌షాపు గేటు దాటినాడు. నానూ అలాగే దాటతానని అందరికీ సెప్పేసినాను. మంగళవారం డ్యూటీ దిగొచ్చేసరికి వరండాలో లేదు."

"గుర్తులు?"

"టూల్‌బాక్సు మూతండి. అసలుది ఎక్కడో పడిపోతే, ఎనభై రెండులో అయ్య రేకు కోసి సేసినాడు. సుట్టూ ఎనిమిది రివెట్లు. ఏలు పెడితే తెలిసిపోద్ది." ఆయన బల్ల అంచు మీద వేలితో ఎనిమిది చుక్కలు పెట్టి చూపించాడు. "ఆ రోజుకి బండి లేకపోతే గేటు కాడ ఏ మొకం పెట్టుకోవాలండీ?"

మూడోరోజుకి ఆమని సెల్‌ఫోన్‌లో పాత బండ్ల గ్రూపు ఒకటి తెరిచి దావీదుకి చూపించింది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ దగ్గర షెడ్డులో పాత బండ్లు కొని అమ్మే అమర్‌నాథ్ అందులో ఒక నలుపు తెలుపు ఫొటో పెట్టాడు. 'మా తాతగారు, ఆయన బండి, 1961' అని కింద రాశాడు. గుబురు మీసాలు, కళ్లజోడు ఉన్న మనిషి బండి మీద దర్జాగా కూర్చున్నాడు.

"హెడ్‌లైటుకి అటూ ఇటూ రెండు బుల్లి దీపాలు. బుల్లెట్టే," అంది ఆమని ఫొటో పెద్దది చేస్తూ. "ఇప్పుడు మూత చూడండి."

దావీదు వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఎనిమిది. "అరవై ఒకటి ఫొటోలో ఎనభై రెండు నాటి మూతేటి? మేడమ్, మీరు మనిషి కాదు!"

"మనిషినే లెండి. బండి నిజం, దాని మీద మొహం అతికించింది. అసలు ఫొటో ఎక్కడుందో చూద్దాం పదండి."

అసలు ఫొటో ట్రాఫిక్ కాలనీలో దేముడి క్వార్టర్లోనే, ముందుగది గోడకి ఉంది. అదే బండి, అదే కూర్చోవడం. మనిషి మాత్రం దేముడి తండ్రి. మీసం లేదు, కళ్లజోడు లేదు. ఎండకి మొహం చిట్లించుకుని ఉన్నాడు. పక్కనున్న దేవుడి పటాల అద్దాల మీద ఏళ్ల తరబడి పెట్టిన బొట్లు అట్టలు కట్టాయి. ఈ ఫొటో అద్దం మాత్రం శుభ్రంగా మెరుస్తోంది. దాని మీద ఒకే ఒక్క బొట్టు, తాజాగా.

"బొట్లు ఎవరు పెడతారమ్మా?"

"నానే," అంది అప్పలకొండ. "పెతీ శుక్కురవారం."

ఆమని అమర్‌నాథ్ ఫొటో ప్రింటు తీసి దేముడి చేతికిచ్చింది. "ఇందులో ఉన్నది ఎవరు?"

ఆయన దాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. "ఇంకెవరండి, మా అయ్యే."

దావీదు ఆ మాట డైరీలో ఎక్కించాడు.

ఆదివారం ఉదయం ఆమని దేముడి ముందుగదిలోనే అందర్నీ కూర్చోబెట్టింది. అమర్‌నాథ్‌నీ పిలిపించింది. రివెట్ల సంగతి చెప్పగానే అతని మొహం పాలిపోయింది.

"కాగితాలు లేని బండండీ. తాతగారిదని చూపిస్తే కొత్త కాగితాలు పుడతాయనుకున్నాను. అంతేగాని దొంగతనం చెయ్యలేదండీ. ఇస్తేనే తీసుకెళ్లాను."

"ఎవుడిచ్చినాడు?" అని అరిచాడు దేముడు.

"ఫొటో కావలసిన మనిషి ఫ్రేము దించాలి," అంది ఆమని నెమ్మదిగా. "సెల్‌లో తీయాలంటే అద్దం తుడవాలి. పాత బొట్లు పోతాయి. బయటి దొంగైతే అలాగే తగిలించి పోతాడు. మామగారి ఫొటో బోసిగా ఉండకూడదని మళ్లీ బొట్టు పెట్టేది ఈ ఇంటి కోడలే."

అప్పలకొండ గోడకి జారగిలబడింది. "నానే ఇచ్చినాను. పైసా ముట్టుకోలేదు."

"ఎందుకిచ్చినావే?"

ఆమనే చెప్పింది. "మొన్న మీరు మీ నాన్నగారన్నది మీసాల మనిషి ఫొటో, దేముడుగారూ. మీకు చూపు లేదు. వర్క్‌షాపులో చేతి అలవాటుతో నెట్టుకొస్తున్నారు."

"సావణ మాసంలో లెవెల్ క్రాసింగు గేటు దిగిపోతంటే ఈయన కనపడక బండితో దూరిపోనాడమ్మా," అంది అప్పలకొండ ఏడుస్తూ. "ఎనకాల నానున్నాను. పోయిన సూపు ఇంక రాదన్నాడు డాక్టరు. ఎక్కొద్దంటే ఇంటాడా? వర్క్‌షాపు గేటు బయట లారీలు. ఆ ఆకరి రోజున ఈయన సచ్చిపోతాడని బయమేసింది."

"బండి తెప్పించేద్దాం మేడమ్," అన్నాడు దావీదు ఆశగా. "ఈయన్ని కూర్చోబెట్టి గేటు దాకా మనవే తోసుకెళ్దాం."

అమర్‌నాథ్ తల వంచుకున్నాడు. "కాగితాలు కుదరక దేనికది విప్పేసి శుక్రవారమే కటక్ పంపేశానండీ. నలుగురు కొన్నారు."

పోలీసు రిపోర్టు ఇవ్వాలంటే దేముడు పెళ్లాం మీదే ఇవ్వాలి. ఆమని ముడి విప్పింది గాని, ఆ ఇంట్లో ఎవరి చేతిలోనూ పెట్టడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అంత అవమానంగా ఆమెకి ఎన్నడూ అనిపించలేదు.

దేముడు లేచి, గోడ తడుముకుంటూ ఫొటో దగ్గరికి వెళ్లాడు. టూల్‌బాక్సు ఉండే చోట అద్దం మీద వేలితో నిమిరాడు. వేలికి ఏమీ తగల్లేదు.

"మూత కనపడతందా అమ్మా?"

"కనపడుతోంది. ఎనిమిదీ ఉన్నాయి."

"మా అయ్య నవ్వుతన్నాడా?"

ఆమని ఎండకి చిట్లించుకున్న ఆ మొహం కేసి చాలాసేపు చూసింది.

"నవ్వుతున్నారు," అంది.

ఆ మాట దావీదు డైరీలో రాసుకోలేదు.