ఇరవై ఐదు న్యూటన్ మీటర్లు

బాగేపల్లి దాటాక జాతీయ రహదారి మీద, పట్టపగలు, ఒక లారీ డివైడర్ ఎక్కి ఎదురు వరసలోకి దూకింది. గూఢచారి విభాగం ఏజెంట్ కిశోర్ కారు దాని కింద నుజ్జయిపోయింది. పోలీసులు లారీ క్యాబిన్ తలుపు తెరిస్తే లోపల డ్రైవరే లేడు. అద్దం దగ్గర రెండు కెమెరాలు, స్టీరింగ్ కింద ఒక మోటారు మాత్రం ఉన్నాయి.

రెండు నెలల తరువాత చిక్కబళ్ళాపురంలో, ఒక విత్తనాల గోదాము వెనక గదిలో, కిశోర్ అక్క హేమావతి తన చీఫ్ తిమ్మరాయప్ప ఎదుట కూర్చుంది. ఆమెదీ అదే డిపార్ట్‌మెంట్. తమ్ముణ్ణి ఈ ఉద్యోగంలోకి తెచ్చింది ఆమే.

"వాని పేరు మార్కస్. విదేశీ ముఠా," అన్నాడు తిమ్మరాయప్ప. "చింతామణిలో గేమింగ్ సెంటర్ పెట్టుకోని, ఆడ కూర్చోనే రిమోట్‌లో లారీ తోలుతాండాడు. ఎల్లుండి పదకొండు గంటలకు సైంటిస్ట్ అంబికమ్మ కారు బాగేపల్లి మీద వస్తాది. ఆమే టార్గెట్."

"ఈ పొద్దే పట్టేద్దాం అప్పా."

"కొత్త లారీ యాడ దాచినారో తెలీదమ్మా. వీణ్ణి పట్టుకుంటే ఇంకొకడు ఇంకో తావున కూర్చోని తోలతాడు. లారీ రోడ్డెక్కినాకనే పట్టల్ల. వాని స్టీరింగ్ వీల్ సరిగా లేదంట. ట్యూనింగ్‌కు బెంగళూరు టెక్నీషియన్‌ను పిలిచినారు. ఆ టెక్నీషియన్‌వి నువ్వే. లోపల రంజిత అని మన మనిషి ఉండాది. వాళ్ళ మనిషీ ఆమే."

"ఎవరి పక్క ఎక్కువ?"

"అది ఆమెకే తెలిసినట్టు లేదు."

మర్నాడు హేమావతి లావుపాటి కళ్ళద్దాలు, కంపెనీ టీషర్టు వేసుకుని చింతామణిలో ఆ గేమింగ్ సెంటర్ మేడమెట్లు ఎక్కింది. తలుపు తీసింది రంజిత. ఎర్రటి సూటు, ఖరీదైన సెంటు, పెదవి చివర నవ్వు.

"శిడ్లఘట్టలో పట్టుగూళ్ళు వచ్చినాయా అక్కా?"

"తడిసి వచ్చినాయి."

కోడ్ సరిపోయింది.

మార్కస్ రేసింగ్ సీట్లో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. "పోయినసారి ఈ వీల్ నాకేమీ చెప్పలేదు," అన్నాడు ఇంగ్లీషులో. "కారును గుద్దితే దిండును తాకినట్టుంది. ఈసారి నాకు ఫీల్ కావాలి."

హేమావతి చేతిలోని స్క్రూడ్రైవర్ ఒక్క క్షణం ఆగింది. ఆ దిండు తన తమ్ముడు.

"దాన్ని క్లిప్పింగ్ అంటారు సార్," అందామె నెమ్మదిగా. "హద్దు దాటాక లారీ మీద బలం ఎంతొచ్చినా ఈ వీల్‌లోని మోటారు చేతిని ఒకేలా తోస్తుంది. బలాన్ని పెంచే గెయిన్ తగ్గించి, కుదుపులను మింగేసే డ్యాంపింగ్ తీసేస్తాను. గులకరాయి తగిలినా చేతికి తెలుస్తుంది."

రెండు గంటలు ట్యూన్ చేసింది. మార్కస్ స్క్రీన్ మీది ట్రాక్‌లో ఒక రౌండ్ తిరిగి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

వాడు భోజనానికి లేచాక ఆమె, నిజం లారీకి కలిపినప్పుడే పనిచేసేలా, మోటారు సెట్టింగులతో రెండో ప్రొఫైల్ రాసింది. వీల్ కుడికి తొంభై డిగ్రీలు దాటిందో, మోటారు దాని పూర్తి బలంతో, ఇరవై ఐదు న్యూటన్ మీటర్లతో, ఎదురు తిరుగుతుంది. ఆటకు అందులో మూడో వంతు చాలు. తరువాత వీల్ మోటారును ఆపే ఎర్రటి ఎమర్జెన్సీ బటన్‌ను దాన్నుంచి తప్పించి, లారీ బ్రేకు సిగ్నల్‌కు కలిపింది.

అనుకున్న రోజు రానే వచ్చింది. పదకొండుకు నాలుగు నిమిషాలు. ఏదైనా తేడా వస్తే సరిచేయడానికని హేమావతిని పక్కనే ఉంచుకున్నారు. స్క్రీన్ మీద లారీ రోడ్డెక్కింది. దూరంగా తెల్లకారు. చక్రం మార్కస్ గుప్పిళ్ళలో సన్నగా వణుకుతోంది.

రంజిత చూపు ల్యాప్‌టాప్ మీద పడింది. "అక్కా, రెండో ప్రొఫైల్ ఎందుకు?" ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. అందులో పిస్టల్ ఉందని హేమావతికి తెలుసు.

"ఏమంటోంది?" అన్నాడు మార్కస్ తల తిప్పకుండా. వాడికి తెలుగు రాదు.

హేమావతి గొంతు పెంచలేదు. "ఆ పొద్దు నా తమ్ముడు కిశోర్ ఏ దోవన పోతాండాడో నీకొక్కదానికే తెలుసు రంజితా. నీ లెక్క తరవాత చూస్తా. ఇప్పుడు యాడ నిలబడతావో నువ్వే చెప్పు."

రంజిత ముఖంలో రంగు దిగిపోయింది. బ్యాగులో చెయ్యి కదల్లేదు. "నథింగ్," అంది మార్కస్‌తో. "ఆల్ సెట్."

తెల్లకారు దగ్గరపడింది. మార్కస్ పళ్ళు బిగించి వీల్‌ను కుడికి తిప్పాడు.

వీల్ ఒక్కసారిగా ఎదురు తిరిగింది. వాడి మణికట్ల దగ్గర ఎండుకట్టె విరిగినట్టు రెండు చప్పుళ్ళు. మార్కస్ కేక మేడంతా నిండింది. స్క్రీన్ మీద లారీ డివైడర్ ఎక్కేసింది. హేమావతి అరచేత్తో ఎర్రబటన్‌ను చరిచింది. లారీ ముక్కు ఎదురు వరసలోకి జానెడు వచ్చి ఆగింది. తెల్లకారు దాన్ని రాసుకున్నట్టే దాటిపోయింది.

ఆమె వంగి, వాడి చెవి దగ్గర తెలుగులోనే అడిగింది. "ఇప్పుడు తెలిసిందా రా?"

కిశోర్ పోయిన రోజు నుంచి ఆమె గుండెల్లో బిగుసుకున్నదేదో కాస్త సడలింది. పూర్తిగా కాదు.

కింద జీపులు ఆగాయి. తిమ్మరాయప్ప మనుషులతో పైకి వచ్చి, మార్కస్‌ను చూశాడు, పిస్టల్ కింద పెట్టేసిన రంజితను చూశాడు. జేబులోంచి రెండు జతల బేడీలు తీశాడు.

"ఒకటి చాలప్పా, రంజితకు," అంది హేమావతి కళ్ళద్దాలు తీసేస్తూ. "వీనికి పిండికట్టు వేయించండి."