పాట మధ్యలో అతని గొంతు

"ఇకముందు పాటలన్నీ ఇలాగే వస్తాయండీ. పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది" అంటూ రికార్డింగ్ ఇంజనీరు ఆమె ఇంటి హాల్లో స్పీకర్లు సర్దాడు.

ఆమె గాయని. కిందటి నెల ఆమె కచేరీని హై రిజల్యూషన్‌లో రికార్డు చేసింది అతనే. ఫోన్‌లో వినడానికి పంపిన చిన్న ఫైలు ఇంట్లో అందరూ విన్నారు. "అది పాట కాదండీ, పాట నీడ. అసలుది వినిపిస్తాను" అని పట్టుబట్టి వచ్చాడు. ఆమెను మళ్లీ చూడాలన్నది లోపలి మాట.

పాట మొదలైంది. గదిలో నిలబడి పాడుతున్నట్టే ఉంది. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. చరణానికి ముందు వాయిద్యాలు సద్దుమణిగాయి. ఆ సందులో ఓ మగగొంతు, గుసగుసే అయినా పొల్లుపోకుండా వినిపించింది.

"ముక్కుతో పాడుతోందా, నోటితోనా అని చూస్తున్నాన్రా."

వాళ్లమ్మ తలెత్తి స్పీకరు వైపు చూసింది.

"ఇది ఇంజనీరు బాబు గొంతులా ఉందే" అంది నాయనమ్మ.

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. చిన్న ఫైలులో ఆ మాట అణిగిపోయింది. ఈ ఫైలును ఎన్నోసార్లు విన్నాడు గానీ, ఆమె పాడని చోటల్లా ముందుకు జరిపేశాడు.

పాట ఆపి, తల వంచుకుని, వైర్లు చుట్టుకుంటూ మెట్ల దాకా వచ్చాడు. ఆమె వెనకే వచ్చింది.

"నేను ముక్కుతో పాడతానా?"

"లేదండీ. పాట మధ్యలో మైకు సర్దుతుంటే డ్రమ్మర్, 'నోరు తెరుచుకుని ఆ అమ్మాయినే చూస్తున్నావేంట్రా' అన్నాడు. సిగ్గేసి అలా అనేశాను."

"మీ పరువు కోసం నా గొంతు తాకట్టు పెట్టారన్నమాట."

అతను చేతిలోని వైర్ల చుట్టను మెట్టు మీద పెట్టాడు.

"ఇంతకీ అప్పుడు నన్నెందుకు అలా చూశారు?"

"మీరంటే ఇష్టం" అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా.

"వెక్కిరింత అందరికీ వినిపించి, ఇది మాత్రం మెట్ల మీద గుసగుసా?"

అతను తిరిగి హాల్లోకి నడిచాడు. చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది.

"మీ అమ్మాయి గొంతుకి వంక పెట్టడానికి లేదు. తనంటే నాకు ఇష్టం. అది బయటపడుతుందని భయపడి, పిరికితనంతో ఆ మాట అన్నాను. క్షమించండి" అన్నాడు నేల చూస్తూ.

వాళ్ల నాన్న కుర్చీలోంచి లేచాడు. "తప్పు ఒప్పుకున్నావు, బాగుంది. మిగతాది మేం తేల్చేది కాదు బాబూ. కోపమొస్తే అది మా మాటే వినదు."

"రేపు మీ స్టూడియోలో ఆ పాట మళ్లీ పాడతాను" అంది ఆమె. "మీ అసిస్టెంట్ రికార్డు చేస్తాడు. మీరు బయట కూర్చోండి."

మర్నాడు అతను బయట బెంచీ మీద కూర్చున్నాడు. మందపాటి తలుపు దాటి ఒక్క స్వరమూ ఇవతలికి రాలేదు.

"సొంత స్టూడియోకి బయట కాపలా ఏంటి సార్?" అని అడిగాడు కాఫీ తెచ్చినతను.

ఏదో ఒకటి అనేసి నవ్వేయొచ్చు. "నోరు జారాను. శిక్ష" అని ఉన్నమాటే చెప్పాడు.

మధ్యాహ్నానికి తలుపు తెరుచుకుంది. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"కోపం ఇంకా పోలేదు."

"తెలుసండీ."

"పోయేదాకా ఇక్కడే ఉంటావా? లోపలికి రా. ఎలా వచ్చిందో విని చెప్పు."

ఆ 'రా' విని అతను చటుక్కున లేచాడు గానీ, తలెత్తి ఆమెను చూడడానికి మాత్రం ఇంకాస్త సేపు పట్టింది.