చెంచా లేని పలహారాలు

దసరా మర్నాడు పొద్దున్నే నర్సింహమ్మ పొయ్యి దగ్గర నిలబడి సర్వపిండి కాలుస్తోంది. పదకొండింటికి అతిథులు వస్తారు. భర్త సత్తయ్య ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన కారు కంపెనీ వాళ్లు. రమ్మనే ధైర్యం లేదు, రావద్దనే నోరూ లేదు. కక్కలేక మింగలేక చస్తోంది పాపం.

“ఉడకబెట్టిన శనగ గుడాలు గిన్నెలల్ల పోసి చెంచాలేసి ఇద్దామమ్మా. ఐదు నిమిషాల పని” అంది కూతురు తనుశ్రీ, ఫోన్‌లో వంటలు చూస్తూ.

“గుడాలద్దు. రాలుతయ్.”

“మరి పెరుగు గారెలు?”

“చెంచాతోని తినేదేదీ వద్దు. సర్వపిండి చిన్న ముక్కలు కొయ్యి, పన్నీరు పుల్లలకు గుచ్చు. ఇట్ల పట్టుకుంటె అట్ల నోట్లె పడాలె.”

“టీ అన్న పెడుతవా?”

“టీ గీ ఏం లేదు. కూల్‌డ్రింక్ సీసాలు పెట్టి స్ట్రాలెయ్యి.”

“పండుగపూట ఇంటికొచ్చినోళ్లకు టీ పొయ్యమా! మన భానూర్ ఊర్ల గిసొంటి ఇల్లు మనదొక్కటే” అని తనుశ్రీ మూతి తిప్పుకుంది.

నర్సింహమ్మ ఏం చెబుతుంది? మూడు నెలల కిందట సత్తయ్య కుడిచెయ్యి వణకడం మొదలైంది. నరాల జబ్బు, ఇక బండి ముట్టుకోవద్దని సంగారెడ్డి డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడి ముందు సత్తయ్య పెళ్లాం చేత ఒట్టు వేయించుకున్నాడు. ఈ సంగతి ఎవరి దగ్గరా నోరు తెరిచి చెప్పకూడదు, బిడ్డ దగ్గర కూడా.

సరేనని వేసింది, పిచ్చితల్లి. నెల తిరక్కుండానే కబురొచ్చింది. కంపెనీ రేసుల్లోకి దిగి యాభై ఏళ్లట. ఒకప్పుడు సత్తయ్య కొండదారుల్లో గెలిపించిన ఎర్రకారును బాగుచేశారట. ఆ వేడుకలో మళ్లీ ఆయన చేతే నడిపిస్తారట. అది మాట్లాడటానికే ఇవాళ వాళ్ల రాక. మనిషికి పాతికేళ్ల వయసు తిరిగొచ్చింది. “స్టీరింగ్ పట్టుకుంటె వణుకు ఆగుతది, నాకెర్క” అంటాడు. ఆగకపోతే? జబ్బు సంగతి బయటపడితే పరువు పోయి కుంగిపోతాడు, నడిపితే అసలు మనిషే మిగలడేమో. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

పదకొండుకు ఆఫీసరు వెంకటేశ్వరరావు, కెమెరాతో నిషిత అనే అమ్మాయి వచ్చారు. జమ్మి ఆకు చేతిలో పెట్టి పలకరించుకున్నారు. సత్తయ్య కుడిచెయ్యి కండువా కింద దాచుకున్నాడు. పుల్ల అందుకునేటప్పుడు మాత్రం చటుక్కున తీసి చటుక్కున దాస్తున్నాడు.

“వాన, మంచు, పైంగ బ్రేకులు గూడ పోయినయ్ సార్. ఉత్త గేర్ల మీదనే కిందికి దించిన!” అని కథలు చెబుతుంటే వాళ్లు నోరు తెరుచుకుని విన్నారు.

“ఒక్క మార్పండీ సత్తయ్యగారూ” అన్నాడు వెంకటేశ్వరరావు. “పక్కసీట్లో మీ అమ్మాయిని కూర్చోబెడదాం. తండ్రీకూతుళ్లు! మన ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, ఎనభైలో వెళితే ఫొటోలు అదిరిపోతాయి.”

“నేనా! నిజంగనా బాపూ?” తనుశ్రీ లేచి నిలబడింది.

సత్తయ్య ముఖం పాలిపోయింది. కాదను, ఇప్పుడైనా కాదను అని నర్సింహమ్మ లోలోపల మొక్కుకుంది. ఆయన పెదాలు తడుపుకుని, “గట్లనే సార్” అన్నాడు.

నర్సింహమ్మ నేరుగా వంటింట్లోకి వెళ్లి టీ పెట్టింది. “వద్దంటివి గద!” అని కూతురు అడుగుతున్నా టీని గిన్నెలోంచి గిన్నెలోకి తిరగబోస్తూనే ఉంది. కప్పు అంచుదాకా పోసి, సాసర్లో పెట్టి, తెచ్చి మొగుడి ముందు నిలబడింది.

“అందుకో.”

సత్తయ్య తలెత్తాడు. వద్దే, నీకు దండం పెడతానన్నట్టు చూశాడు. ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీయలేదు. అందరూ చూస్తున్నారు. అందుకోక తప్పలేదు.

కప్పు సాసర్ మీద టకటకా కొట్టుకుంది. టీ మొత్తం ఆయన ఒళ్లో ఒలికిపోయింది. నిషిత కెమెరా దించేసింది.

“కాలిందా బాపూ? చెయ్యికేమైంది?” అని తనుశ్రీ ఉరికి వచ్చింది. కాలలేదు. నర్సింహమ్మ ఆ టీని చల్లార్చే తెచ్చింది.

వెంకటేశ్వరరావుకు అంతా అర్థమైంది. “ఆరోగ్యం ముఖ్యమండీ, కారు సంగతి మేం చూసుకుంటాం” అని నెమ్మదిగా చెప్పి సెలవు తీసుకున్నాడు.

గేటు పడగానే సత్తయ్య అరిచాడు. “అమ్మవారి ముంగట ఏసిన ఒట్టు తప్పినవ్!”

“నేను నోరు తెరిచిన్నా?”

“నలుగుట్ల ఇజ్జత్ తీసినవ్! గా రోజులల్ల కొండల మీద రేసుకు పోతుంటె ఒక్కపారన్న వద్దన్నవా? అప్పుడు లేని భయం ఇప్పుడేంది?”

“అప్పుడు లేకుండెనా?” అంది నర్సింహమ్మ. “నువ్వు పోయిన ప్రతిసారి, మల్ల ఇంటికొచ్చేదాంక నాకు ముద్ద దిగకపోయేది. వద్దంటె ఆగేటోనివి. గందుకే అనలే. ఇయ్యాల పక్కసీట్ల బిడ్డను కూసోబెడతమన్నరు. నువ్వు గట్లనే అన్నవ్!”

నా పెండ్లానికి భయమంటే తెలియదని ముప్పై ఏళ్లు ఊరంతా చెప్పుకుని తిరిగిన మనిషి సత్తయ్య. కూతురి వంక చూడలేక తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

“నాకు భయమైతుంది నర్సూ” అన్నాడు కండువాతో కళ్లు తుడుచుకుంటూ. “చెయ్యి ఒక్కటేనా, రేపు నడక గూడ పోతదా?”

పెళ్లయ్యాక ఆయన నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదలు. పక్కన కూర్చుని ఆ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

“నాకేమెర్క? నాకూ భయంగనే ఉంది” అంది. “ఇగ ఇద్దరం కలిసి భయపడదాం తియ్యి.”