పొయ్యిలో వెయ్యని అచ్చు

“అబద్ధాలకోరు! పచ్చి అబద్ధాలకోరు!”

మేస్త్రి భార్య భోజనాల బల్ల మీద ఠపీమని పడేసిన చెక్కపాదం దెబ్బకి మంచినీళ్ళ గ్లాసులు రెండూ ఎగిరి మళ్ళీ కూర్చున్నాయి. కుడిచేతికి కట్టుతో, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తంటాలు పడుతున్న బూట్ల మేస్త్రి, చెంచాని నోటిదాకా తెచ్చి ఆపేశాడు. తమ్ముడి చెయ్యి విరిగిందని పలకరించడానికి వచ్చి, పదిరోజులుగా పలకరిస్తూనే ఉన్న అతని అక్క గుండెల మీద చెయ్యేసుకుంది.

“ఇదేమిటో చెప్పు!”

పాతికేళ్ళ కాపురంలో ఆవిడ భర్తని ‘మీరు’ అని తప్ప ‘నువ్వు’ అని ఎరగదు. దుకాణం నుంచి ఇంటికి వచ్చే దారిలో ఆ ‘మీరు’ ఎక్కడో జారిపోయింది. ఆవిడ వెనక్కి తిరిగి ఏరుకోదలుచుకోలేదు కూడా!

కొలతకి బూట్లు కుట్టించుకునే ప్రతివాళ్ళ పాదాన్నీ మేస్త్రి చెక్కలో చెక్కి పెట్టుకుంటాడు. దాన్నే అచ్చు అంటారు. దాని మీద తోలు సాగదీసి బూటు కుడతాడు. దుకాణం గోడల నిండా అవే... లావు కాళ్ళు, సన్న కాళ్ళు, ఆరో వేలున్న డాక్టరుగారి కాలుతో సహా. ఎవరైనా పోయారని తెలిస్తే ఆ రోజే వాళ్ళ అచ్చు దించి, జిగురు కాచే పొయ్యిలో వేసేస్తాడు. “కాలు పోయాక అచ్చెందుకు?” అంటాడు. దేవుడు? లేదు. దయ్యం? లేదు. ఆత్మ? అసలే లేదు. అందుకే వీధి వీధంతా అతనికి ‘లేదు మేస్త్రి’ అని పేరు పెట్టింది.

ఆ ఉదయం పోస్టుమాస్టరుగారు పోయారని కబురొచ్చింది. చెయ్యి కదలదు కనుక మేస్త్రి భార్యని పంపాడు. “పై అరలో కుడివైపు మొదటిది. తీసి పొయ్యిలో వేసిరా” అన్నాడు. పోస్టుమాస్టరుగారి వెనకాల ఎవరున్నారో ఆ క్షణంలో అతనికి గుర్తు రాలేదు!

వెనకాల, మెత్తటి తోలుముక్కలో చుట్టి, వాళ్ళ చిట్టెలుక ఉంది.

పసితనంలో తోలుముక్కలు కొరికేదని ఆ పిల్లకి ఆ ముద్దుపేరు. తొమ్మిదో ఏట, ఎనిమిదంటే ఎనిమిదే రోజుల జ్వరంతో కళ్ళ ముందే కరిగిపోయింది... అచ్చు అరికాలి మీద తనే పెన్సిలుతో గీసుకున్న ఎలుకబొమ్మ, ఒంటికన్నా పొడుగైన తోకతో, ఇంకా అలాగే ఉంది. ఆ తోక చూడగానే పోస్టుమాస్టరుగారి అచ్చు ఆవిడ చేతిలోంచి జారి కిందపడింది.

పన్నెండేళ్ళ కిందట, పిల్ల పోయిన మూడోరోజున, ఆవిడ భర్త ముందు నిలబడి ఒక్కటంటే ఒక్కటి అడిగింది. “దాని కాలి అచ్చు నాకివ్వండి... తల కింద పెట్టుకు పడుకుంటాను” అంది. అతను తలెత్తకుండా, “పొయ్యిలో వేసేశాను” అన్నాడు. “దాని ఆత్మ మనల్ని చూస్తూనే ఉంటుంది కదండీ?” అని ఏడిస్తే, “ఆత్మా లేదు, ఏమీ లేదు. పోయింది, అంతే” అన్నాడు. వచ్చిన చుట్టాలందరి ముందూ!

ఆ మాటని ఆవిడ పన్నెండేళ్ళు కడుపులో దాచుకుంది. వండింది, వడ్డించింది, ఉతికింది. ఒక్క గుండీల దగ్గర మాత్రం పగ తీర్చుకుంది. అతని చొక్కాలకి గుండీ ఊడితే కుట్టేది గానీ, చివర ముడి వేసేది కాదు. మూడోరోజుకల్లా అది ఏ వీధిమలుపులోనో రాలిపోయేది. మనిషికి అనుమానమైనా రాలేదు. ‘ఈ మధ్య దారాల్లో బలం లేదు’ అనుకునేవాడు!

“పొయ్యిలో వేశానన్నావే! బూడిదైపోయినది పై అరకి నడిచి వెళ్ళి కూర్చుందా?”

“వెయ్యబోయాను...” మేస్త్రి చెంచా కింద పెట్టాడు. “చెయ్యి రాలేదు.”

“మరి ఇవేమిటి?” ఆవిడ అచ్చుని తిప్పి చూపించింది. చెక్క వేళ్ళ మీదా, మడమ చుట్టూ, పొర మీద పొరగా తోలు అతికించి, చిన్నచిన్న మేకులు దిగ్గొట్టి ఉంది. పొరపొరకీ పెన్సిలుతో ఒక అంకె. పది, పదకొండు, పన్నెండు... పదిహేడు దాకా.

కాలు పెరిగిన పిల్లలకి మేస్త్రి కొత్త అచ్చు చెక్కడు. ఉన్నదాని మీదే తోలు అతికించి పెంచుతాడు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. కానీ కాలు ఉన్న పిల్లలకి కదా!

“ఏటేటా... దాని పుట్టినరోజుకి,” అన్నాడతను బల్ల వైపు చూస్తూ.

“పదిహేడుతో ఆపేశావేం? ఇప్పుడు దానికి ఇరవయ్యొకటి!”

“పదిహేడు దాటితే ఆడపిల్లల కాలు పెరగదు.”

ఎంత మామూలుగా అన్నాడో! పని తెలిసిన మనిషి పని గురించి చెప్పినట్టు... ఆవిడ కుర్చీలో కూలబడింది.

ఆడపడుచు మొహం మాత్రం వెలిగిపోయింది. “చూశావా అమ్మాయ్! పైకి ఎన్ని కబుర్లు చెప్పినా లోపల మావాడికి నమ్మకం ఉంది. ఆత్మ లేకపోతే ఎవరికోసంరా తమ్ముడూ కొలత పెంచావు? ఒప్పుకో!”

“లేదక్కా.”

“ఇంకా లేదంటాడేమిటే!”

“మీరు కాసేపు ఆగండి వదినా!” ఆవిడ కసిరింది. “నన్నడగనివ్వండి. పాతికేళ్ళలో ఇదే మొదటిసారి.” భర్త వైపు తిరిగింది. “లేదా? నిజంగా లేదా? అయితే ఈ కాళ్ళెవరివి?”

అతను అచ్చు మీది ఎలుకతోక వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “ఎవరివీ కావు. నువ్వు రోజూ కళ్ళు మూసుకుని దాంతో మాట్లాడతావు. వింటుందని నీ నమ్మకం. నీకది ఎక్కడో ఉంది... నాకెక్కడా లేదు. నేను తలుచుకున్నంతసేపే ఉంటుంది, మరిచిపోతే అయిపోయినట్టే. నాకున్నది ఈ చెక్కముక్క ఒక్కటే. అది కూడా నీకిచ్చేస్తే, ఇంక... అందుకే అబద్ధమాడాను.”

కట్టు కట్టిన చేతి మీద టప్పున ఒక చుక్క పడింది. పిల్ల పోయిననాడు కూడా పడని చుక్క!

ఆవిడ గుండె ఒక్కసారి జారింది. కానీ కోపం జారలేదు. పన్నెండేళ్ళ కోపం ఒక్క చుక్కకి ఆరుతుందా!

“ఆత్మ లేదన్నావు, సరే! నోరు కూడా లేదా నీకు?” ఆవిడ బల్ల మీద గుద్దింది. “ఈ మాట ఆనాడే అని ఉంటే, సగం రోజులు నీ దగ్గర ఉంచుకోమనేదాన్ని కాదూ! నీకు బాధే లేదనుకున్నాను. రాయిని కట్టుకున్నాననుకుని, ఇంత కాలం రాయి పక్కన పడుకున్నాను! ఇద్దరం ఒక్క ఇంట్లో, ఒక్క పిల్ల కోసం, ఎవరి మూల వాళ్ళం ఏడ్చాం... అది నువ్వు నాకు చేసిన అన్యాయం. ఆత్మ ఉన్నా లేకపోయినా, అది మాత్రం ఉంది!”

“ఉంది,” అన్నాడు లేదు మేస్త్రి.

ఆ మాట అతని నోట విని ఆడపడుచు మళ్ళీ గుండెల మీద చెయ్యేసుకుంది.

ఆవిడ లేచి విసవిసా గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు దడేలుమంది. చేతిసంచి నిండా చీరలు కుక్కుకుని గుమ్మందాకా వచ్చింది. “మా అక్కయ్య ఇంటికి పోతున్నాను. మళ్ళీ వస్తానో రానో నాకే తెలీదు!”

మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఆపలేదు. ఎడమచేత్తో బల్ల మీది అచ్చు తీసి, ఆమె చేతిలో పెట్టాడు. “తీసుకెళ్ళు. ఒంటరిగా వెళ్ళకు.”

వంగి ఇచ్చినప్పుడు అతని చొక్కా మెడ దగ్గర తెరుచుకుంది. పైన రెండు గుండీలు లేవు. ఆ సందులోంచి, పన్నెండేళ్ళలో ముసలైపోయిన గొంతు ఎముక పైకీ కిందకీ కదులుతూ కనిపించింది.

ఆవిడ అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత సంచి కింద పడేసి, చీరల అడుగునుంచి కుట్టుసామాను డబ్బా లాగింది. అందులోంచి రెండు గుండీలు ఏరి, దుకాణంలో బూట్లకి వాడే మైనం పూసిన దారం సూదికెక్కించింది.

“కూర్చో! కదిలావంటే గుచ్చుకుంటుంది. గుచ్చుకోనీ, నాకేం!”

“దారం మరీ లావేమో...” ఆడపడుచు గొణిగింది.

“చొక్కా చిరగాలి గానీ ఇది ఊడకూడదు వదినా.”

ఒళ్ళో చిట్టెలుక పాదం పెట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండా, పళ్ళు బిగబట్టి కుట్టింది. చివర ముడి వేసింది. దాని మీద ఇంకోటి. దాని మీద ఇంకోటి.