ఇందు చివరి కుండ

వైశాఖ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రి కంటే పాపిష్టి వేళ అది. మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే చచ్చి పడుండే వేళ. చోడవరం దాటాక చెరుకు తోటల మీద కారుమేఘాలు కాలభైరవుని జటాజూటంలా విరబోసుకున్నాయి. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది... భూమ్యాకాశాలు దద్దరిల్లేలా ఉరిమింది!

ఆ తోటల మధ్య కాలిబాట మీద చిన్నతల్లి నడుస్తోంది. చంకలో కుండ. కుండకి చుట్టి కూతురి చున్నీ.

కూతురు ఇందు పోయిన వానాకాలం డెంగీ జ్వరంతో పోయింది. డిగ్రీ చదువుతూనే కుండలు చేసే సారె మీద తల్లిని మించిన చెయ్యి ఆ పిల్లది. కాలేజీ బస్సుకి పరిగెడుతూ "ఎల్తన్నానే" అని అరిచేది. "ఎల్లొస్తానని అనాలే గుంటా, ఎల్తన్నానని తిరిగిరానోళ్ళంటారు" అని తల్లి రోజూ కేకలేసేది.

వాళ్ళ కుమ్మరి ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. కుండలు చేసే మనిషి పోతే, ఆ మనిషి చివరిసారి చేసిన కుండనే చితి దగ్గర పగలగొట్టాలి. భుజం మీంచి వెనక్కి వదిలేసి, తిరిగి చూడకుండా వచ్చేయాలి. మట్టి పగిలితేనే చెయ్యి విడుస్తుంది... చెయ్యి విడిస్తేనే ప్రాణి వెళ్తుంది! కానీ ఇందు చివరి కుండ మెడ మీద ఆ పిల్ల బొటనవేలి ముద్ర ఉంది. కన్నతల్లి ఎలా పగలగొట్టనిస్తుంది? మరిది గోవిందరావు శ్మశానానికి బయల్దేరుతుంటే వేరే కుండ చేతిలో పెట్టింది. పాపం అతను అదే ఇందు కుండ అనుకుని పగలగొట్టి వచ్చాడు.

మర్నాటి నుంచీ ఇంట్లో సారె తనంతట తానే తిరగడం మొదలెట్టింది! కుండలు కాల్చే ఆవంలోంచి తీసిన ప్రతిదానికీ మెడ దగ్గర బొటనవేలంత చిల్లు! గోవిందరావుకి అనుమానం వచ్చి నిలదీశాడు. నిజం తెలిశాక తిట్టలేదు. "పగలగొట్టీ వదినా. పిల్ల నలిగిపోతంది" అని మాత్రం అన్నాడు. ఆమె వినలేదు.

ప్రేమ్‌కుమార్ మాట వింది. పేరు చూడండి, ప్రేమ్‌కుమార్! రావికమతం రోడ్డు పక్క తోటలో రేకుల షెడ్డు, గుమ్మంలో బుల్లెట్టు బండి, లోపల మనిషి పుర్రె. నీ కూతురి చేత ప్రతి అమావాస్యకీ మాట్లాడిస్తాను, ఆ కుండ తీసుకుని రా అన్నాడు. మంత్రగాడికి కావలసింది దయ్యం కాదు... ఏడ్చే ఆడది! ఈ దేశంలో ఆ సరుక్కి కరువెప్పుడు?

షెడ్డులో అడుగు పెడితే కాళ్ళ కింద పెంకులు పటపటమన్నాయి. ఎందరు తల్లులు తెచ్చిన కుండలో! నల్లకోడి రక్తం, కోసిన నిమ్మకాయలు, ఊపిరాడని ధూపధూమం... మధ్యలో కుంకుమ పూసిన కపాలం వికటాట్టహాసం చేస్తోంది. ఆమె చేతే చేయించి తెప్పించుకున్న కొత్త కుండలు వరసగా ఉన్నాయి. వాడు బీజాక్షరాలు గొణుగుతూ ఒక్కో కుండనీ ఇనప రాడ్డుతో బద్దలు కొట్టాడు. ఒక్కో దెబ్బకీ ఆమె ఒంట్లో ఒక్కో ఎముక విరిగినట్టయింది. ఆఖరి కుండ పగలగానే జుట్టు విడిపోయింది, కనుగుడ్లు తిరగబడ్డాయి...

ఆమె నోట్లోంచి ఇందు మాట్లాడింది!

"అమ్మా... సారె ఆగట్లేదే. సేతులు అరిగిపోతన్నాయి. దిగిపోదామంటే నువ్వు దిగనివ్వట్లేదే."

ఇన్నాళ్ళూ వినాలని ఏడ్చిన గొంతు తన గొంతులోంచే వస్తుంటే, తల్లి తన పెదాలనే కూతురి పెదాల్లా తడుముకుంది.

"అన్నం తిన్నావేటే?"

చచ్చిపోయిన పిల్లని ఏమడగాలో ఏ తల్లికి తెలుసు?

"ఆకలి లేదే అమ్మా. అలిసిపోయేను."

ప్రేమ్‌కుమార్ బంకమట్టి ముద్ద పట్టుకుని చెయ్యి చాచాడు. "ఇటియ్యి. మట్టితో మూతి మూసేస్తే ఇది నాది. నాను పంపిన గడపకల్లా ఎల్తాది. ఇయ్యేళ బుచ్చయ్యపేటలో ఒక ఉయ్యాల కాడికి."

"పసిబిడ్డనా? నా గుంట పసిబిడ్డని సంపుతాదా?"

"సంపుతాది. బతికున్నప్పుడు నీ మాట ఇనేది, ఇప్పుడు నా మాట ఇంటాది. ఏడుపు సాలించి కుండియ్యి."

చిన్నతల్లి ఏడుపు నిజంగానే ఆగిపోయింది. చున్నీ విప్పింది. మెడ మీది ముద్రలో తన బొటనవేలు పెట్టింది. పట్టలేదు... పిల్ల వేలు సన్నం. వీడు ఇప్పుడు కడతానంటున్నాడు. నేను అప్పుడే కట్టేశాను, అనుకుంది.

కుండని ఎడం భుజానికెత్తి, వాడికి వీపు తిప్పింది.

"దిగిపోవే తల్లీ."

వదిలేసింది.

ఫెళ్ళున పగిలింది! భూగర్భం మూలిగింది! షెడ్డులో పెంకులన్నీ... ఏ తల్లుల కుండలో, ఎవరి బిడ్డలో... ఒక్కసారిగా లేచిన రొద ఆమె వీపుకి తగిలింది. కపాలం పేలింది. వాడి మంత్రం నోట్లోనే మట్టయింది. ఆవం రాజుకున్నట్టు వేడి... పచ్చిమట్టి కాలుతున్న వాసన... మధ్యలో వాడి కేక!

"ఇటు సూడే! ఒక్కపాలి ఎనక్కి సూడు, నీ కూతురుండిపోతాది!"

అబద్ధం కాదు. అదే ఆమె ప్రాణాన్ని తోడేసింది. చూస్తే ఉంటుంది. ఆ సారె మీద, అరిగిన చేతులతో, ఎప్పటికీ ఉంటుంది! చిన్నతల్లి మెడనరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు.

వెనక ఏదో మనిషంత మట్టిబొమ్మ నిలువునా పగిలిన చప్పుడు. వాడి కేక మధ్యలోనే తెగింది.

వాన మొదలైంది. గట్టు మీదకొచ్చాక, చెవి పక్కనే, బస్సుకి ఆలస్యమైనట్టు తొందరగా...

"ఎల్తన్నానే అమ్మా."

ఎల్లొస్తానని అనలేదు. తల్లి దిద్దలేదు. తిరిగి చూడలేదు.

"ఎల్లవే" అంది.