పెద్ద చక్రాల జీపు

పొద్దున్నే గురమ్మ సంగటి ముద్దలు చేసి ఒక గిన్నె మామ దేవేంద్రప్ప ముందు పెట్టింది. రెండోదీ ఆయన ముందే పెట్టి, "నీ కొడుక్కియ్యి మామా" అంది. ఆమె మొగుడు ఓబులేసు నాలుగడుగుల దూరంలోనే కూర్చుని ఉన్నాడు. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మాటలన్నీ దేవేంద్రప్ప మీదుగానే నడుస్తున్నాయి. వాటిని మోస్తూ ఆ ముసలాయన లోలోపలే కుంగిపోతున్నాడు.

ఆ రోజు తేల్చుకోవలసింది జీపు సంగతి. మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత జీపు అది. కమలాపురం పోవాలంటే ఊరి ముందున్న పాపాఘ్ని ఏటి ఇసుక దాటాలి. చిన్న టైర్లు కూరుకుపోతున్నాయని ఓబులేసు నిరుడు కడపలో పెద్ద టైర్లు వేయించాడు. టైరు పెద్దదైతే ఇంజనుకు భారమవుతుందని, వెనక ఇరుసులోని పళ్ల చక్రాలు కూడా మార్చాలని మేస్త్రీ దాసన్న అప్పుడే చెప్పాడు. పక్కనున్న దేవేంద్రప్ప నవ్వేశాడు. ముప్పై ఏళ్లు ఎద్దులబండి తోలిన మనిషి. చక్రం ఎంత పెద్దదైతే ఎద్దుకు అంత సులువని ఆయనకు బాగా తెలుసు. ఎద్దు బండిని లాగుతుంది, ఇంజను మాత్రం చక్రాన్నే తిప్పాలి అన్న సంగతి తట్టలేదు. తండ్రి మాట కాదనలేక ఓబులేసు ఊరుకున్నాడు.

శ్రావణంలో గురమ్మకు నొప్పులొచ్చాయి. ఏట్లో నీళ్లు లేవు. జీపు ఇసుకనైతే దాటింది గానీ, అవతలి గడ్డ ఎక్కలేక మూడుసార్లు ఆగిపోయింది. మంచం మీద కమలాపురం ఆసుపత్రికి మోసుకుపోయేసరికి పొద్దు వాలింది. బిడ్డ దక్కలేదు. తిరిగొస్తూ ఆ గడ్డ పక్కనే పూడ్చిపెట్టారు. పళ్ల చక్రాలు తానే వద్దన్నానని ఓబులేసు భార్యకు చెప్పాడు. అది విని కూడా దేవేంద్రప్ప నోరు మెదపలేదు.

ఇప్పుడు ఆ పళ్ల చక్రాలు దొరికాయని దాసన్న కడపనుంచి కబురంపాడు. ఈ రోజు రాకపోతే ఇంకొకరికి బిగించేస్తాడట.

"నాకొద్దు నాయినా. ఆ జీపును చూస్తే ఆ గడ్డే కండ్ల ముందర ఉంటాది. అమ్మేస్తా" అన్నాడు ఓబులేసు.

గురమ్మ పొయ్యి దగ్గరనుంచి తల తిప్పలేదు. "పక్కింటి కృపమణికి నెలలు నిండినాయి. అమ్మేస్తే ఆయమ్మను గూడా మంచం మీదనే మోసుకుపోతారా? ఆ పొద్దు మార్చనోన్ని ఈ పొద్దన్నా మార్చమని చెప్పు మామా" అంది.

ఎన్నో మాటలు మోసిన దేవేంద్రప్ప ఈ ఒక్కటి మోయలేకపోయాడు.

"వద్దనింది వాడు కాదమ్మా, నేను. చక్రం పెద్దదైతే సులువని మేస్త్రీని ఎగతాళి చేసినా. వాడు నా తప్పు నెత్తినేసుకుంటే నోరు మూసుకోని కూచున్యా."

ఓబులేసు తల దించుకున్నాడు. గురమ్మ పొయ్యిలో కట్టెను వెనక్కి లాగింది. "నాలుగు నెల్లు నేను ఆ మనిషిని ఉసురు పెడతాంటే చూస్తా కూచుంటివి గదా మామా" అంది. గొంతు పెంచలేదు. సంగటి కుండ మీద మూతపెట్టి, పోయి జీపులో కూర్చుంది. ఆమె వెనకే తండ్రీ కొడుకులిద్దరూ వచ్చి ఎక్కారు.

ఇసుక దాటి, గడ్డ సగం ఎక్కి జీపు మళ్లీ ఆగింది. దేవేంద్రప్ప దిగి భుజం ఆనించాడు. గురమ్మ కూడా దిగి, బండ్లవాళ్లు చేసినట్టే ఒక రాయి తెచ్చి వెనక చక్రం కింద పెట్టింది. పక్కనే, కుక్కలు తవ్వకుండా ముళ్లకంప కప్పిన చిన్న మట్టిదిబ్బ ఉంది. దాన్ని కాసేపు చూసి మొగుడి వైపు తిరిగింది.

"ఇంగ రోంత దూరమే ఉండాది. భయపడాకు, తోలు."

నాలుగు నెలల తర్వాత ఆమె నేరుగా అతనితో అన్న మొదటి మాట అది. ఓబులేసు స్టీరింగు మీద తలపెట్టి పసిబిడ్డలా ఏడ్చాడు. గురమ్మ అతని వీపు మీద చెయ్యి వేసి తానూ ఏడ్చింది. తర్వాత మళ్లీ రాయి అందుకుంది. జీపు జానెడు కదిలినప్పుడల్లా రాయి జరుపుతూ పైదాకా వచ్చారు.

అక్కడ ఆమె జీపెక్కి, పక్కకు జరిగి మామకు చోటిచ్చింది. ఆయనతో మాత్రం మాట్లాడలేదు. మాట్లాడమని అడిగే మొహం తనకు లేదని దేవేంద్రప్పకు తెలుసు. చేతుల ఇసుక దులుపుకుని ఎక్కి కూర్చున్నాడు.